సర్వరు తాళంచెవులు ఎవరి చేతుల్లో ఉన్నాయి? బృందాలకు ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశ నిర్వహణ

రైలు టికెట్టు రిజర్వేషన్, బ్యాంకు ఖాతాలోని నిల్వ, పరీక్షా ఫలితం, భూమి రికార్డు, పింఛనుదారుల జాబితా. ఇవన్నీ నేడు ఎక్కడో ఒకచోట రాత్రింబవళ్ళు పనిచేసే సర్వర్లలో భద్రపరచి ఉంటున్నాయి. ఆ సర్వర్ల బాగోగులు చూసే ఉద్యోగులు మాత్రం వాటి పక్కన కూర్చోరు. హైదరాబాదులోని కార్యాలయం నుంచో, విశాఖపట్నంలోని ఇంటి నుంచో, ఒక్కొక్కసారి ప్రయాణంలో ఉండగానో దూరం నుంచే వాటిలోకి ప్రవేశించి పని చక్కబెడతారు. లినక్స్ సర్వర్లలోకి అలా ప్రవేశించడానికి ప్రపంచమంతటా అత్యధికంగా వాడుకలో ఉన్న మార్గం సెక్యూర్ షెల్. దానినే పొట్టిగా ఎస్‌ఎస్‌హెచ్ అంటారు.

ఒక సర్వరును ఒక్కరే చూసుకుంటున్నంత కాలం ఇందులో చిక్కు తక్కువ. అదే పని పదిమంది బృందం చేతికి వచ్చినప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది. కొత్తవారు చేరతారు, పాతవారు వెళ్ళిపోతారు, కాంట్రాక్టు సిబ్బంది మూడు నెలలు పనిచేసి మరో సంస్థకు మారతారు. చేరిన రోజున అందరికీ తాళంచెవి అందుతుంది, లేకపోతే పని సాగదు కనుక. వెళ్ళిన రోజున దానిని తిరిగి తీసుకోవడం మాత్రం చాలాచోట్ల మరుపున పడుతుంది, తీసుకోకపోయినా పని సాగుతుంది కనుక. "ఈ రోజు, ఈ గడియన, ఈ సర్వరులోకి ఎవరెవరు ప్రవేశించగలరు?" అన్న ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగిన బృందమే తన సర్వర్లను భద్రంగా నిర్వహిస్తున్నట్లు లెక్క. ఆ జవాబు చెప్పగలిగే స్థితికి చేరడానికి అనుసరించవలసిన పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్ పుట్టుక

1990ల తొలినాళ్ళలో దూరపు కంప్యూటర్లలోకి ప్రవేశించడానికి టెల్‌నెట్, ఆర్‌లాగిన్ వంటి సాధనాలు వాడేవారు. వాటిలో వాడుకరి టైపు చేసిన పాస్‌వర్డు ఎలాంటి ముసుగూ లేకుండా నెట్‌వర్కు మీదుగా ప్రయాణించేది. మధ్యలో పొంచి ఉన్నవారు ఎవరైనా దానిని చదువుకోగలిగేవారు. 1995లో ఫిన్లాండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్కులో ఇలాగే పాస్‌వర్డుల చోరీ జరిగింది. అక్కడ పరిశోధకుడిగా ఉన్న టాటు యులోనెన్ ఆ అనుభవంతో, మాటలన్నిటినీ సంకేత భాషలోకి మార్చి పంపే కొత్త సాధనాన్ని రూపొందించి, అదే ఏడాది జూలైలో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. ఫైళ్ళ బదిలీకి వాడే ఎఫ్‌టీపీది 21వ పోర్టు, టెల్‌నెట్‌ది 23వ పోర్టు. ఈ రెండింటి స్థానాన్నీ తీసుకోదలచిన కొత్త సాధనానికి వాటి నడుమ ఖాళీగా ఉన్న 22వ పోర్టు కేటాయింపు జరిగింది.

1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం విడుదల చేసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ నేడు అత్యంత విస్తృతంగా వాడుకలో ఉన్న రూపం. ఎస్‌ఎస్‌హెచ్ రెండవ వెర్షన్‌కు 2006 జనవరిలో అంతర్జాతీయ ప్రమాణ పత్రాలు వెలువడ్డాయి. లినక్స్, మ్యాక్ కంప్యూటర్లతో పాటు 2018 నుంచి విండోస్ 10లోనూ ఇది ముందుగానే అమర్చి వస్తోంది.

తాళంకప్ప, తాళంచెవి

ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డుతోనూ ప్రవేశించవచ్చు. అయితే ఇంటర్నెట్‌కు తెరచి ఉన్న సర్వర్ల మీద పాస్‌వర్డులను ఒక్కొక్కటిగా ఊహించి ప్రయత్నించే స్వయంచాలిత దాడులు నిత్యం సాగుతూనే ఉంటాయి. అందువల్ల బృందాలు కీ జతలను వాడడం శ్రేయస్కరం.

కీ జతలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి పబ్లిక్ కీ, రెండవది ప్రైవేట్ కీ. పబ్లిక్ కీని తాళంకప్పతోనూ, ప్రైవేట్ కీని తాళంచెవితోనూ పోల్చవచ్చు. తాళంకప్పను సర్వరు తలుపుకు తగిలిస్తారు. దానిని ఎవరు చూసినా నష్టం లేదు. తాళంచెవి ఉద్యోగి కంప్యూటరులోనే ఉండాలి. ప్రవేశించే సమయంలో ఆ ప్రైవేట్ కీ నెట్‌వర్కు మీదుగా ప్రయాణించదు. తన దగ్గర అది ఉన్నదని నిరూపించే డిజిటల్ సంతకం మాత్రమే సర్వరుకు చేరుతుంది.

సర్వరులో ప్రతి ఖాతాకూ ఆథరైజ్డ్ కీస్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఆ ఫైలులోని ఒక్కొక్క వరుస ఒక్కొక్క తాళంకప్ప. ఇక్కడే మామూలు తలుపుకూ ఈ తలుపుకూ తేడా ఉంది. మామూలు తలుపుకు పది తాళాలు వేస్తే పదీ తీస్తేనే తెరుచుకుంటుంది. ఈ తలుపుకు పది తాళాలు వేస్తే ఏ ఒక్కటి తీసినా చాలు, తెరుచుకుంటుంది. ఫైలులో వరుసలు పెరిగేకొద్దీ భద్రత పెరగదు, తగ్గుతుంది. పైగా వరుస చివర కనిపించే ఉద్యోగి పేరు కేవలం ఒక గుర్తు. అక్కడ ఏ పేరైనా రాయవచ్చు. దానిని సాక్ష్యంగా తీసుకోవడానికి వీలులేదు.

ఉమ్మడి తాళంచెవితో వచ్చే చిక్కు

చిన్న సంస్థల్లో తరచుగా కనిపించే ఏర్పాటు ఒకటుంది. సర్వరులో ఒకే ఖాతా, దానికి ఒకే ప్రైవేట్ కీ. ఆ కీ ఫైలును ఈమెయిలులోనో, వాట్సాప్ గ్రూపులోనో బృందమంతా పంచుకుంటారు. మొదట్లో ఇది సులువుగానే తోస్తుంది. కష్టం తరువాత తెలుస్తుంది.

ఒకనాటి రాత్రి ఆ సర్వరులోని డేటాబేసు చెరిగిపోయిందని అనుకుందాం. లాగ్ తెరిచి చూస్తే ఉమ్మడి ఖాతా పేరే కనిపిస్తుంది. ఆ సమయంలో లోపల ఉన్నది ఎవరో చెప్పే ఆధారం ఏదీ ఉండదు. తప్పు చేసినవారు తప్పించుకుంటారు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పాపానికి తొమ్మిదిమంది అమాయకులు అనుమానితులవుతారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. ప్రవేశాన్ని వ్యక్తి పేరుతో ముడిపెట్టడం ఉద్యోగుల మీద నమ్మకం లేక చేసే పని కాదు. నిర్దోషికి తన నిర్దోషిత్వాన్ని చూపించుకునే వీలు కల్పించే పని అది.

రెండో చిక్కు కూడా ఉంది. బృందంలో ఒకరు వెళ్ళిపోతే వారి దగ్గరున్న కీని పనికిరాకుండా చేయాలి. ఉమ్మడి కీ అయితే అందరి కీనీ మార్చవలసి వస్తుంది. ఆ శ్రమకు వెనకాడి చాలామంది అసలు మార్చరు.

మనిషికొక ఖాతా, మనిషికొక కీ

అందువల్ల మొదటి నియమం ఇది. ప్రతి వ్యక్తికీ సర్వరులో సొంత పేరుతో ఖాతా ఉండాలి. ప్రతి వ్యక్తీ తన కీ జతను తన కంప్యూటరులోనే తయారుచేసుకుని, పబ్లిక్ కీని మాత్రమే నిర్వాహకులకు అందజేయాలి. నిర్వాహకులే జతను తయారుచేసి ప్రైవేట్ కీని పంపిస్తే ఆ కీ ఇద్దరిదవుతుంది. రెండు కంప్యూటర్లు వాడేవారు రెండు కీలు పెట్టుకోవడం మేలు. ఒకటి పోతే దానినే రద్దు చేయవచ్చు.

సర్వాధికారాలున్న రూట్ ఖాతాలోకి నేరుగా ప్రవేశాన్ని నిలిపివేయాలి. ఉన్నతాధికారం అవసరమైన పనికి తన ఖాతాతో ప్రవేశించి, సూడో అనే సాధనం ద్వారా ఆ ఒక్క పనికి అనుమతి పొందడం సరైన పద్ధతి. అలా చేస్తే ఏ ఆదేశం ఎవరి పేరున నడిచిందో లాగ్‌లో నమోదవుతుంది. డేటాబేసు చూసేవారికి డేటాబేసు ఆదేశాలు, వెబ్‌సైటు చూసేవారికి వెబ్ సర్వరు ఆదేశాలు చాలు. అందరికీ పూర్తి అధికారం ఇస్తే, వారిలో ఎవరైనా మరొకరి ఖాతాలో తన కీని చేర్చుకోగలరు. అప్పుడు పేర్ల విభజన నామమాత్రమే అవుతుంది.

అందరికీ కీలు అందిన తరువాత పాస్‌వర్డు ప్రవేశాన్ని మూసివేయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అమరికల్లో పాస్‌వర్డు విధానం ఒకటి, ప్రశ్నోత్తర రూపంలో సాగే కీబోర్డు ఇంటరాక్టివ్ విధానం మరొకటి. మొదటిదాన్ని మాత్రమే మూసి ఊరుకుంటే కొన్ని సర్వర్లలో రెండో దారి గుండా పాస్‌వర్డు ప్రవేశం అలాగే మిగిలిపోతుంది. రెండింటినీ సరిచూసుకోవాలి.

కీ నాణ్యత, కీ రక్షణ

కొత్త కీలకు ఈడీ25519 రకం మంచి ఎంపిక. ఇది 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో చేరింది. కీ చిన్నది, భద్రత గట్టిది. పాత సాధనాల కోసం ఆర్‌ఎస్‌ఏ కీ తప్పనిసరైతే 3,072 బిట్లకు తగ్గకుండా చూసుకోవాలి. పాత షా-1 పద్ధతిలో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలను 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి అప్రమేయంగా తిరస్కరిస్తున్నారు.

కీ తయారీలో లోపం ఉంటే ఎంతటి అనర్థం కలుగుతుందో 2008 మే నెలలో ప్రపంచం చూసింది. డెబియన్ లినక్స్‌లో 2006లో చేసిన ఒక మార్పు వల్ల కీ తయారీకి అవసరమైన యాదృచ్ఛికత దాదాపు లుప్తమైంది. ఫలితంగా ఒక్కో రకం కీకి సుమారు 32 వేల రూపాలు మాత్రమే సాధ్యమయ్యాయి. దాడి చేసేవారు వాటన్నిటినీ ముందే తయారుచేసి పెట్టుకుని ఒక్కొక్కటిగా ప్రయత్నించవచ్చు. డెబియన్‌తో పాటు దాని ఆధారంగా నడిచే ఉబుంటులోనూ ఆ కాలంలో తయారైన కీలన్నిటినీ మార్చవలసి వచ్చింది. తమ దగ్గర ఏ కీ ఎక్కడ ఉందో జాబితా రాసుకున్నవారికి ఆ పని కొద్దిపాటి శ్రమతో ముగిసింది. జాబితా లేనివారు ప్రతి సర్వరునూ వెతుక్కోవలసి వచ్చింది.

ప్రైవేట్ కీకి పాస్‌ఫ్రేజ్ తప్పక పెట్టుకోవాలి. ల్యాప్‌టాప్ చోరీ అయినా కీ వెంటనే పనికిరాకుండా అది అడ్డుకుంటుంది. అయితే పాస్‌ఫ్రేజ్ పెట్టుకున్నారా లేదా అన్నది సర్వరు కనిపెట్టలేదు. అది ఉద్యోగి క్రమశిక్షణకు వదిలిన విషయం. ఇంతకంటే బలమైన ఏర్పాటు, చేతిలో ఇమిడే భద్రతా పరికరంలో కీని ఉంచడం. 2020 ఫిబ్రవరిలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.2 నుంచి ఫైడో పరికరాలకు మద్దతు ఉంది. ఆ పరికరాన్ని కంప్యూటరుకు తగిలించి, సాధారణంగా వేలితో తాకితే తప్ప ప్రవేశం జరగదు. కీ ఫైలును దొంగిలించినా పరికరం చేతిలో లేనిదే ఫలితం ఉండదు.

జాబితా ఒకేచోట ఉండాలి

పదిమంది సభ్యులు, 40 సర్వర్లు ఉన్న బృందాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మనిషికొక కీ చొప్పున మొత్తం 400 వరుసలు. ఒకరు వెళ్ళిపోతే 40 చోట్ల ఒక్కొక్క వరుస తొలగించాలి. చేత్తో చేస్తే ఒకటో రెండో మిగిలిపోవడం సహజం. అలా మిగిలిపోయిన ఒక్క వరుస చాలు.

కనుక కీల జాబితాను సర్వర్ల మీద కాక ఒకేచోట ఉంచి, అక్కడి నుంచి అన్ని సర్వర్లకూ పంపిణీ చేయాలి. ఆన్సిబుల్ వంటి సాధనాలు ఈ పని చేస్తాయి. జాబితా ఫైలును గిట్‌లో ఉంచితే ఎవరిని ఎప్పుడు, ఎవరి అనుమతితో చేర్చారో, ఎప్పుడు తొలగించారో చరిత్ర అంతా నిలిచి ఉంటుంది. పంపిణీ చేసే సాధనం కొత్త కీలను చేర్చడంతో ఆగకుండా, జాబితాలో లేని కీలను తొలగించేలా కూడా అమర్చాలి. చాలా బృందాలు ఈ రెండో సగాన్ని మరచిపోతాయి.

ఇంకో మార్గం, ప్రవేశ సమయంలో సర్వరే కేంద్ర డైరెక్టరీని అడిగి కీలు తెచ్చుకునేలా అమర్చడం. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో అందుకు ప్రత్యేక అమరిక ఉంది. ఏ మార్గం ఎంచుకున్నా, కీల ఫైళ్ళను వాడుకరులు తామే మార్చుకోలేని చోట, రూట్ యాజమాన్యంలో ఉంచడం మేలు. లేకపోతే ఎవరైనా తన ఖాతాలో అదనపు కీని చేర్చుకోవచ్చు. అది కేంద్ర జాబితాలో కనిపించదు.

తనంతట తానే కాలం తీరే ప్రవేశం

సర్వర్లు వందలు, వేలు అయినప్పుడు ఈ జాబితా పద్ధతి కూడా భారమవుతుంది. దానికి పరిష్కారంగా 2010లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 5.4తో సర్టిఫికెట్ విధానం వచ్చింది. ఇది సినిమా టికెట్టు పద్ధతి వంటిది. హాలు వాకిట నిలుచున్న వ్యక్తికి ప్రేక్షకుల పేర్ల జాబితా అక్కరలేదు. టికెట్టు మీద ముద్ర అసలైనదా, అది ఈ ఆటకు చెందినదా అని చూస్తే చాలు.

ఇందులో సంస్థకు ఒక సంతకపు కీ ఉంటుంది. ఉద్యోగి ఉదయం తన గుర్తింపును నిరూపించుకుంటే, ఆ సంతకపు కీ అతని పబ్లిక్ కీ మీద సంతకం చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. అతను ఏ పేర్లతో ప్రవేశించవచ్చో, ఎన్ని గంటల వరకు చెల్లుతుందో అందులో రాసి ఉంటుంది. సర్వర్లన్నీ ఆ సంతకాన్ని నమ్మితే చాలు. వ్యక్తుల కీలను ఏ సర్వరులోనూ చేర్చవలసిన పని ఉండదు. సాయంత్రానికి సర్టిఫికెట్ కాలం తీరిపోతుంది. తాళంచెవిని తిరిగి తీసుకోవడం మరచిపోయినా అది తనంతట తానే పనికిరాకుండా పోతుంది. ఫేస్‌బుక్ ఇంజినీర్లు తమ సంస్థలో ఈ విధానాన్ని ఎలా అమలుచేశారో 2016లో బహిరంగంగా వివరించారు.

ఇందులోనూ జాగ్రత్తలు అవసరం. సంతకపు కీ పోతే అన్ని తలుపులూ పోయినట్లే. కనుక దానిని ప్రత్యేక భద్రతా పరికరంలోనో, కట్టుదిట్టమైన సేవలోనో ఉంచాలి. కాలం తీరకముందే ఒక సర్టిఫికెట్‌ను రద్దు చేయవలసి వస్తే రద్దు జాబితాను సర్వర్లకు పంపాలి. అంత ఏర్పాటు చేసుకోలేని చిన్న బృందాలకు మరో వెసులుబాటు ఉంది. 2018లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.7 నుంచి ఆథరైజ్డ్ కీస్ ఫైలులో వరుస పక్కనే గడువు తేదీని రాయవచ్చు. మూడు నెలల కాంట్రాక్టుకు వచ్చినవారి కీకి మూడు నెలల గడువే రాసిపెడితే, ఆ తరువాత ఎవరికీ గుర్తుండవలసిన అవసరం లేదు.

ఒకే వాకిలి

అన్ని సర్వర్లనూ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం కంటే, ఒకే వాకిలి సర్వరును బయటికి ఉంచి మిగిలినవాటిని దాని వెనుక దాచడం మంచిది. దీనిని బాస్టియన్ లేదా జంప్ సర్వరు అంటారు. కాపలా ఒకేచోట ఉంటుంది, రాకపోకల నమోదూ ఒకేచోట జరుగుతుంది.

ఆ వాకిలి దాటి లోపలి సర్వరుకు వెళ్ళడానికి కొందరు తమ ప్రైవేట్ కీని వాకిలి సర్వరులో నకలు చేసి పెడతారు. అది ఎన్నడూ చేయరాదు. మరికొందరు ఏజెంట్ ఫార్వర్డింగ్ అనే సౌకర్యం వాడతారు. అందులో కీ బయటికి పోకపోయినా, వాడుకరి అక్కడ ఉన్నంతసేపూ వాకిలి సర్వరు మీద పూర్తి అధికారం గలవారు ఆ కీతో సంతకాలు చేయించుకోగలరు. వీటికి బదులు 2016 నుంచి అందుబాటులో ఉన్న ప్రాక్సీజంప్ వాడితే, వాకిలి సర్వరు సందేశాలను అటూ ఇటూ మోసే పని మాత్రమే చేస్తుంది. గుర్తింపు నిరూపణ ఉద్యోగి కంప్యూటరుకూ లోపలి సర్వరుకూ మధ్య నేరుగా జరుగుతుంది.

సర్వరుకూ గుర్తింపు కావాలి

ఉద్యోగి ఎవరో సర్వరు తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, తాను చేరింది అసలైన సర్వరుకేనని ఉద్యోగి తెలుసుకోవడమూ అంతే ముఖ్యం. సర్వరుకు సొంత కీ ఉంటుంది. మొదటిసారి ప్రవేశించేటప్పుడు దాని వేలిముద్ర వంటి సంకేతాన్ని చూపి, నమ్మవచ్చా అని కంప్యూటరు అడుగుతుంది. చాలామంది చదవకుండానే అవునని టైపు చేస్తారు. సర్వర్ల వేలిముద్రల జాబితాను బృందానికి ముందుగానే అందజేయడం, లేదా సర్వర్లకు కూడా సర్టిఫికెట్లు ఇవ్వడం ఇందుకు మందు.

2023 మార్చి 24న గిట్‌హబ్ సంస్థ తన ఆర్‌ఎస్‌ఏ సర్వరు కీని మార్చింది. ఆ ప్రైవేట్ కీ కొద్దిసేపు ఒక బహిరంగ రిపాజిటరీలో కనిపించడమే కారణమని ప్రకటించింది. ఆ పాత కీని నమ్మి ఉన్న కంప్యూటర్లలో హెచ్చరిక సందేశాలు ప్రత్యక్షమయ్యాయి. అలాంటి వేళ హెచ్చరికను తొలగించుకుని ముందుకు సాగిపోకుండా, అధికారిక ప్రకటనలోని వేలిముద్రతో సరిపోల్చుకున్న తరువాతే కొత్త కీని నమ్మాలన్నది అందరూ నేర్చుకోవలసిన పాఠం.

మనుషులు కానివారి కీలు

బ్యాకప్ తీసే ప్రోగ్రాములు, కొత్త కోడ్‌ను సర్వర్లకు చేర్చే వ్యవస్థలు కూడా ఎస్‌ఎస్‌హెచ్ కీలు వాడతాయి. వాటికి రాజీనామాలు ఉండవు, పదవీ విరమణలు ఉండవు. అందుకే అవి ఏళ్ళ తరబడి ఎవరి దృష్టికీ రాకుండా మిగిలిపోతాయి. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2015లో స్వయంచాలిత ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశం మీద ప్రత్యేక పత్రమే వెలువరించింది.

అలాంటి ప్రతి కీకీ బాధ్యత వహించే ఒక మనిషి పేరు జాబితాలో ఉండాలి. ఆ కీతో ఫలానా చిరునామా నుంచి మాత్రమే, ఫలానా ఒక్క ఆదేశం మాత్రమే నడపవచ్చునని ఆథరైజ్డ్ కీస్ వరుసలోనే పరిమితి విధించవచ్చు. బ్యాకప్ కీ బ్యాకప్‌కు తప్ప మరి దేనికీ పనికిరాకుండా ఉండాలి.

నమోదు, చట్టం

ఎవరు, ఏ కీతో, ఎక్కడి నుంచి, ఎప్పుడు ప్రవేశించారో సర్వరు లాగ్ నమోదు చేస్తుంది. అయితే ఆ లాగ్ అదే సర్వరులో ఉంటే, లోపలికి చొరబడినవారు దానినే చెరిపివేయగలరు. కనుక వెంటవెంటనే వేరొక చోటికి పంపాలి.

మన దేశంలో ఇది చట్టపరమైన బాధ్యత కూడా. సమాచార సాంకేతిక చట్టం కింద సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం, అనధికార ప్రవేశం సహా నిర్దేశిత సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. కంప్యూటర్ల గడియారాలు నిర్దిష్ట సమయ సర్వర్లతో సరిపోవాలన్న నిబంధన కూడా అందులో ఉంది. వేర్వేరు సర్వర్ల లాగ్‌లను కలిపి చదవాలంటే వాటి కాలమానం ఒకటిగా ఉండాలి మరి. వ్యక్తిగత డేటా రక్షణకు తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు రూ.250 కోట్ల వరకు జరిమానాను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పేర్కొంటోంది. ఉమ్మడి కీ వాడే బృందానికి ఆ 6 గంటల వ్యవధి ఎవరు లోపలికి వచ్చారో తేల్చుకోవడానికే చాలదు.

వీడ్కోలు రోజున

ఉద్యోగి సంస్థను విడిచే రోజే ఈ ఏర్పాట్లన్నిటికీ అసలు పరీక్ష. ఆ రోజు సాధారణంగా జరిగే పొరపాట్లు మూడు.

మొదటిది, ఖాతా పాస్‌వర్డుకు తాళం వేసి పని అయిపోయిందనుకోవడం. లినక్స్‌లో పాస్‌వర్డును స్తంభింపజేసినా ఎస్‌ఎస్‌హెచ్ కీతో ప్రవేశం కొనసాగవచ్చు. ఖాతా గడువునే ముగించాలి, కీని తొలగించాలి.

రెండవది, కీ తొలగించగానే మనిషి బయటికి వచ్చేసినట్లు భావించడం. అప్పటికే తెరిచి ఉన్న సెషన్లు కీ తొలగించినా, సర్టిఫికెట్ కాలం తీరినా ఆగవు. వాటిని వెతికి ముగించాలి.

మూడవది, ఆ ఉద్యోగికి తెలిసిన ఇతర రహస్యాలను మరచిపోవడం. స్వయంచాలిత వ్యవస్థల కీలు, డేటాబేసు పాస్‌వర్డులు, క్లౌడ్ ఖాతాలు ఇందులోకి వస్తాయి. అతను చూడగలిగిన ప్రతి రహస్యాన్నీ మార్చాలి. ఇది అతని మీద అనుమానంతో చేసే పని కాదు. రేపు అతని పాత ల్యాప్‌టాప్ దొంగల పాలైతే ఆ నింద అతని మీద పడకుండా కాపాడేదీ ఇదే.

తాళం మనకే పడకుండా

ప్రవేశ నియమాలను బిగించే ఉత్సాహంలో నిర్వాహకులు తమకు తామే తలుపు మూసుకున్న సందర్భాలు తక్కువేమీ కావు. అమరికలు మార్చేటప్పుడు ఒక సెషన్ తెరిచి ఉంచుకుని, సర్వరు ప్రోగ్రాముతో వాటిని పరీక్షింపజేసి, మరో కొత్త సెషన్‌తో ప్రవేశించి చూసిన తరువాతే మొదటిదాన్ని మూయాలి. కేంద్ర డైరెక్టరీయో, సర్టిఫికెట్ సేవయో నిలిచిపోయిన రోజుకోసం అత్యవసర కీ ఒకటి సీలు వేసి భద్రపరచాలి. దానిని వాడిన ప్రతిసారీ బృందానికంతటికీ హెచ్చరిక వెళ్ళాలి, వాడిన తరువాత దానిని మార్చాలి.

సాఫ్ట్‌వేర్‌ను తాజాగా ఉంచుకోవడమూ ఇందులో భాగమే. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశం అర సెకను ఆలస్యమవుతోందని గమనించి ఆరా తీసి, ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దాచిపెట్టిన దొడ్డిదారిని బయటపెట్టారు. అదే ఏడాది జూలై 1న క్వాలిస్ సంస్థ పరిశోధకులు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వరులోనే తీవ్రమైన లోపాన్ని వెల్లడించారు. 9.8 వెర్షన్‌లో దానిని సరిదిద్దారు. తమ సర్వర్లలో ఏ వెర్షన్ నడుస్తోందో తెలిసినవారు మాత్రమే అలాంటి రోజున నిబ్బరంగా ఉండగలరు.

చిన్న బృందం ఈ వారమే చేయగలిగినవి

ఖరీదైన సాధనాలు లేకున్నా ఈ ఆరు పనులు సాధ్యమే.

1. అన్ని సర్వర్లలోని ఆథరైజ్డ్ కీస్ ఫైళ్ళను సేకరించి, ప్రతి వరుసకూ ఒక మనిషి పేరు రాయాలి. ఎవరిదో తెలియని కీని విచారించి తొలగించాలి.
2. ఉమ్మడి ఖాతాల స్థానంలో సొంత ఖాతాలు తెరవాలి.
3. రూట్ ప్రవేశాన్నీ పాస్‌వర్డు ప్రవేశాన్నీ మూయాలి.
4. కీల జాబితాను గిట్‌లో ఉంచి, అక్కడి నుంచే పంపిణీ చేయాలి.
5. తాత్కాలిక సిబ్బంది కీలకు గడువు తేదీ రాయాలి.
6. మూడు నెలలకు ఒకసారి జాబితాను బృందమంతా కూర్చుని చదవాలి.

వీటిలో మొదటి పనికి ఒక పూట చాలు. అందులో బయటపడే పేర్లు చాలా బృందాలను ఆశ్చర్యపరుస్తాయి. రెండేళ్ళ క్రితం వెళ్ళిపోయిన సహోద్యోగి, ఎప్పుడో ముగిసిన కాంట్రాక్టు, ఎవరికీ గుర్తులేని ఒక పాత ల్యాప్‌టాప్. చేతులు కాలిన తరువాత ఆకులు వెతుక్కోవడం కంటే ఆ పూట వెచ్చించడమే తేలిక. సర్వరులో భద్రపరచినది సంస్థ ఆస్తి మాత్రమే కాదు. తన పేరు, పింఛను, భూమి వివరాలు అక్కడ ఉన్నాయని కూడా తెలియని ఎందరో సామాన్యుల నమ్మకం అది.